తొమ్మిది మెట్ల మీద రెండు బొమ్మలు

మెట్లు తొమ్మిదీ నిలబడ్డాయి. బొమ్మలే రాలేదు.

కంపెనీ కాలనీ మొత్తానికి ఒకటే బొమ్మల కొలువు. ఏటా ఒక ఇంటి వంతు. నవరాత్రి మొదటి రోజు పొద్దున్నే ఇంటికొక బొమ్మ చొప్పున ఆడవాళ్ళు తెచ్చి, ఎవరి చోట వాళ్ళు నిలబెట్టి, కాఫీ తాగి, పక్కింటి బొమ్మకి రంగు వెలిసిందని చెవులు కొరుక్కుని వెళ్తారు. ఈ ఏడు వంతు తులసిమణిది. గడియారంలో పది దాటింది. గుమ్మం దగ్గర చెప్పుల జత ఒక్కటీ లేదు.

పై మెట్టు మీద ఆవిడ పుట్టింటివాళ్ళు పెళ్ళికిచ్చిన ఎర్రచందనం జంట ఉంది. మొగుడూ పెళ్ళామూ పక్కపక్కనే నిలబడి, కింద ఎనిమిది మెట్ల ఖాళీని చూస్తున్నారు. ఇద్దరి మధ్యా మాటలున్నట్టు లేవు. తులసిమణికి ఆ జంట మీద జాలి కలిగింది. వాళ్ళలో తనదీ తన మొగుడిదీ పోలిక కూడా కాస్త కనిపించింది.

“ఏమ్మా తులసీ, ఇన్ని మెట్లకీ వీళ్ళిద్దరేనా?” అంది అత్తగారు రామాత్తాళ్, గోడకి ఆనుకుని వక్కలు కత్తిరిస్తూ. “భూములన్నీ పోయాక మిగిలిన జమీందారూ ఆయన భార్యాలా ఉన్నారు.”

“వస్తారత్తా. పిల్లల్ని బడికి పంపి రావాలి కదా.”

“బళ్ళకి సెలవులిచ్చేశారుగా.”

కోడలు జవాబు చెప్పకపోతే అత్తగారికి గెలిచినట్టుంటుంది. పండగ పూట ఆ మాత్రం కానుక ఇవ్వొచ్చు.

మూడో మెట్టు మీద దీపపు కుందె సర్దుతుంటే మెట్టు కదల్లేదు. రాత్రి మాత్రం తెగ కుంటింది. ఈ మెట్లని కంపెనీలో పంపులు ప్యాక్ చేసే పెట్టెల చెక్కలతో ఎప్పుడో ఫోర్‌మన్ ఆరుచామి చేసిపెట్టాడు. ఏటా ఆయన షెడ్డు కుర్రాళ్ళు వచ్చి, ఏ కాలు ఏ గాడిలో పడాలో చూసి నిలబెట్టి, సుండల్ గుగ్గిళ్ళు తిని పోయేవాళ్ళు. ఈసారి ఎవరూ రాలేదు. తులసిమణి భర్త నాచిముత్తు ఒక్కడే చెమటలు కక్కుతూ నిలబెట్టాడు. ఆయన నిద్రపోయాక తులసిమణి ఆయన బల్ల పక్కనున్న దళసరి కాగితం చుట్టని నాలుగు మడతలు పెట్టి కుంటి కాలి కింద దోపింది. ఏ కాగితమో విప్పి చూడలేదు. విప్పి చూడకపోవడం కూడా ఒక విద్యే.

నాచిముత్తు చొక్కా గుండీలు పెట్టుకుంటూ బయటికొచ్చాడు. కంపెనీలో ఆయన మానవ వనరుల మేనేజరు. మొన్న మొన్నటి దాకా ఆ గది బోర్డు మీద పర్సనెల్ ఆఫీసర్ అని ఉండేది. చెన్నై నుంచి వచ్చిన సలహా కంపెనీవాళ్ళు ముందు బోర్డు మార్చారు, తర్వాత మనుషుల్ని.

“ఇక్కడొక కాగితం చుట్ట పెట్టాను. చూశావా?”

“ఏ కాగితం?”

“పెద్దది. కంపెనీలో ఎవరి కింద ఎవరో చూపే పటం. దాని నిండా డబ్బాలూ గీతలూ ఉంటాయి.”

“డబ్బాలైతే వంటింట్లో ఉన్నాయి. చూపించమంటారా?”

ఆయన నవ్వలేదు. ఈ మధ్య ఆయన నవ్వు కూడా పైవాళ్ళ అనుమతి కోసం ఎదురుచూస్తున్నట్టుంటుంది.

“వేళాకోళం కాదు తులసీ. మూడు నెలలు పరీక్షగా నడిపిన పద్ధతి శుక్రవారం ఖాయమవుతుంది. చెన్నై వాళ్ళ సంతకాలు దాని మీద అయిపోయాయి. కంపెనీ యజమానిది, ముదలాళిది ఒక్కటే మిగిలింది.” బల్ల కింద చూశాడు, బీరువా మీద చూశాడు. “ఆఫీసులోనే మరిచానేమో.”

“ఒరేయ్ నాచీ,” అంది రామాత్తాళ్. “బొమ్మలు రాలేదురా. ఏం చేశావు నువ్వు?”

“నేనేం చేశానమ్మా? మంచే చేశాను. నలుగురు ఫోర్‌మన్లు ఇన్నాళ్ళూ నూనె మరకల్లో నిలబడి అరిచేవాళ్ళు. ఇప్పుడు తలా ఒక గాజు గది, టేబులు, ఫ్యాను, పిలుపు గంట. సలహాదారులయ్యారు!”

“ఎవరికి చెప్తారు సలహా?” అడిగింది తులసిమణి.

“అడిగినవాళ్ళకి.”

“ఎవరడుగుతున్నారు?”

నాచిముత్తు వాచీ పెట్టుకోవడంలో మునిగిపోయాడు.

“ఆ పటంలో వాళ్ళ డబ్బా కింద ఎవరున్నారండీ?”

“కింద ఎవరూ ఉండరు. పక్క నుంచి చుక్కల గీత ఉంటుంది.”

“చుక్కలు పెట్టి వదిలేస్తే దాన్ని ముగ్గనరు. మధ్యలో పాలవాడు పిలిచాడంటారు.”

ఆయన ముఖం ఎర్రబడింది. గొంతు మాత్రం తగ్గింది. “నీకు తెలియదు. చెన్నై వాళ్ళ లెక్కలో ఆ నలుగురూ అసలు లేరు. ఇంటికి పంపెయ్యమన్నారు. నేనే ఒక మూల డబ్బా గీసి అందులో నిలబెట్టాను. ఆ చుక్కల గీత చూసి పెద్ద విషయమనుకున్నారో, చిన్న విషయమనుకున్నారో, సంతకాలు పెట్టేశారు. ఆ సంగతి ఎవరికీ కనపడదు.”

“డబ్బా కనపడుతోంది. నిలబెట్టిన మనిషే కనపడటం లేదు. ఆ ముక్క వాళ్ళతో చెప్పొచ్చుగా?”

“నా ఉద్యోగంలో చెప్పకూడని మాటలుంటాయి.”

“చెప్పవలసినవి కూడా కొన్ని ఉంటాయనుకుంటాను.”

ఆయన పళ్ళెంలో ఇడ్లీలు ఆవిరి పోయి చల్లబడుతున్నాయి. వాటికేసి ఒకసారి చూసి, బండి తీసుకుని వెళ్ళిపోయాడు.

తులసిమణి కుంకుమ భరిణ చేతిలోకి తీసుకుంది.

*

కాలనీ వీధిలో తాళం వేసిన ఇళ్ళు లేవు. తలుపు తెరిచే ఉండి, లోపలినుంచి ఎవరూ పలకని ఇళ్ళే ఉన్నాయి. ఒక కిటికీలో కర్టెన్ కదిలింది. ఇంకో ఇంట్లో రేడియో గొంతు తగ్గింది. ఎక్కడా గడప ఎక్కకుండా ఆవిడ చివరి వరసకి నడిచింది, మరగదం ఇంటికి.

మోటార్లకి రాగి తీగ చుట్టే వైండింగు షెడ్డు ఫోర్‌మన్ ఆరుచామి భార్య మరగదం. ఇప్పుడు సలహాదారు భార్య అనాలి. కంపెనీ కాగితాల్లో వాళ్ళది ఆఖరి తరగతి ఇల్లు. కానీ కాన్పు వచ్చినా, కుక్క కరిచినా, మొగుడు అలిగినా కాలనీ ఆడవాళ్ళు ముందు పరిగెత్తేది ఆ ఇంటికే. తులసిమణి కాపురానికి వచ్చిన కొత్తలో కుళాయిలో సిరువాణి నీళ్ళు ఏ వేళకొస్తాయో, ఎవరి దగ్గర ఏ మాట అనకూడదో నేర్పింది ఆవిడే. ఏ పటంలోనూ గీయని పదవి అది.

“రండి మేడం,” అంది మరగదం. పైట కొంగుతో కుర్చీ తుడిచి ముందుకి జరిపింది. “కూర్చోండి.”

ఏళ్ళ తరబడి నేల మీద పక్కన కూర్చుని చిక్కుడుకాయలు తుంచిన మనిషికి కుర్చీ వేయడం కంటే, ముఖం మీద తలుపు వేయడమే మర్యాద అనిపించింది తులసిమణికి. కూర్చోలేదు.

“మేడం ఏమిటక్కా?”

“పై వరస ఇల్లు కదా. మా ఇంట్లో కూడా ఇప్పుడు మర్యాదలు మొదలయ్యాయి. ఆయన గాజు గదిలో కూర్చుంటున్నారు. గంట కూడా ఉంది. మొదటి రోజు సరదాపడి నొక్కారట. ఎవరూ రాలేదు. తనే లేచి, తలుపు తీసుకుని బయటికొచ్చి, ‘ఏం సార్, పిలిచారా?’ అని తననే అడిగి, వెళ్ళి నీళ్ళు తెచ్చుకున్నారట.”

ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది. ఒకేసారి ఆగిపోయింది.

“షెడ్డులో కుర్రాళ్ళెలా ఉన్నారు?”

“వాళ్ళకేం, ముగ్గురు పెద్దలు. సెలవు ఒకరిని అడగాలి, సరుకు ఒకరిని అడగాలి, తప్పు జరిగితే ఇంకొకరికి రాసివ్వాలి. తిట్టేవాడే లేడు. తిట్టేవాడు లేని చోట పని ఎవడు నేర్చుకుంటాడు? చుట్టిన తీగ కాలిపోయిన మోటారు బల్ల మీద పడి ఉంటుందట, నాది కాదంటే నాది కాదని. పని మూడో వంతు పడిపోయింది. ఈయన గాజులోంచి చూస్తారు. ఉండబట్టలేక వెళ్తే కొత్తగా వచ్చిన సూపర్వైజరు ‘సార్, మీ గదికి వెళ్ళండి సార్’ అంటాడట. ఒక్క మాటకి రెండు సార్లు సార్ అంటాడు, పాపం మంచివాడే.”

“అన్నయ్య భోజనం?”

“క్యారేజీ ఎలా వెళ్ళిందో అలా వస్తోంది. ఇదివరకు కుర్రాళ్ళతో కలిసి తినేవారు. వాళ్ళ అన్నంలో మా పప్పు, మా అన్నంలో వాళ్ళ పచ్చడి. ఇప్పుడు సలహాదారు ఒక్కడే తినాలి. ఒక్కడికి ముద్ద దిగదట.”

మరగదం పెరటివైపు చూసింది. కరివేపాకు చెట్టు కింద ఎండిన రెమ్మలు కట్టలు కట్టి ఉన్నాయి. పెరట్లో అంట్లు లేవు, ఆరేసిన బట్టలు లేవు. సర్దుకుంటున్న ఇంటికి ఒక వాసన ఉంటుంది. తులసిమణికి ఇప్పుడు తగిలింది.

“అక్కా, మా ఆయన కావాలని కాదు. ఆ పదవి గీయకపోతే...”

“గీయకపోతే?”

నోటి దాకా వచ్చిన మాట అక్కడే ఆగింది. భర్త చెప్పొద్దన్న మాట. చెబితే ఆయన మీద కోపం పోతుంది. ఆరుచామికి మాత్రం, కంపెనీకి తను అక్కరలేదన్నారని తెలిసిపోతుంది. గాజు గది కంటే అది కఠినమైన మాట.

“చెప్పకూడనిదైతే వద్దులే,” అంది మరగదం. “నేను ఒకటి అడుగుతాను. ఇంటి సంగతి నీకు తెలుసా?”

మేడం పోయి నువ్వు వచ్చింది. తులసిమణికి దానికే భయం వేసింది.

“ఏ ఇల్లు?”

“ఈ ఇల్లే. సలహాదారుకి ఏ శాఖా లేదట. శాఖ లేనివాళ్ళకి కాలనీలో ఇల్లు లేదట. దసరా వెళ్ళగానే ఖాళీ చెయ్యాలి, నలుగురూ. కింద సంతకం మీ ఆయనది.”



“నాకు తెలియదక్కా. ఒట్టు.”

“నీకు తెలియదని నాకు తెలుసు. మిగతావాళ్ళకి ఎలా తెలుస్తుంది? రాత్రి ఆయన పక్కన పడుకునేది నువ్వు కదా అంటారు.”

“పక్కన పడుకున్నంత మాత్రాన చెప్తారా?”

“చెప్పరులే,” అంది మరగదం. ఆ ఒక్క మాటలో పాత మరగదం కనిపించి, మళ్ళీ తలుపు చాటుకి వెళ్ళిపోయింది.

తులసిమణి భరిణ తెరిచి చాచింది. కుంకుమ వద్దనే ఆడది ఆ కాలనీలో లేదు. మరగదం వేలితో అద్ది నుదుట పెట్టుకుంది.

“సాయంత్రం వస్తాను. మా బొమ్మ తెచ్చి పెడతాను.”

*

నలభై మందికి సరిపడా నానబెట్టిన శనగలు ఇద్దరు మనుషుల్ని చూసి తగ్గవు. తులసిమణి అన్నీ ఉడికించింది. కొబ్బరి కోరింది, ఆవాలు వేయించింది, పెద్ద గిన్నెలో సుండల్ కలిపి మూత పెట్టింది. తమలపాకులు తడిగుడ్డలో చుట్టి, జాకెట్టు గుడ్డలు పళ్ళెంలో పేర్చింది. చాప పరిచింది. ఒకటి చాలదని రెండోది కూడా తీసి, కాసేపు చేతిలో పట్టుకుని, మళ్ళీ లోపల పెట్టేసింది.

దీపం వెలిగించాక ఇల్లు ఇంకా పెద్దదైంది.

“పాట లేకుండా కొలువేమిటి?” అంది రామాత్తాళ్ ఉన్నట్టుండి. “నువ్వు పాడు, నేను వింటాను.”

కొలువులంటే గిట్టని మనిషి ఆవిడ. మా ఊళ్ళో ఆయుధపూజకి నాగలికి బొట్టు పెట్టుకునేవాళ్ళం, ఈ బొమ్మలాటలన్నీ కాలనీ వేషాలు అంటుంది ఏటా. ఆవిడే పాడమనే సరికి తులసిమణి చాప మీద సర్దుకుని కూర్చుంది. మొదటి చరణం ఎత్తుకుంది. రెండోది ఎప్పుడూ మరగదం అందుకునేది. అక్కడికొచ్చి ఆగింది. ఎవరూ అందుకోలేదు. రామాత్తాళ్ వక్కపలుకు నోట్లో వేసుకుని గోడకేసి చూస్తూ ఉండిపోయింది.

అప్పుడొచ్చింది మరగదం. పట్టుచీర, తలలో మల్లెలు. కుడిచేయి గుప్పెట మూసి ఉంది.

ఏటా ఆవిడ తెచ్చేది దుకాణం చెట్టియారు బొమ్మ. ముందు చిన్న చిన్న పళ్ళేల్లో పప్పూ బియ్యం పోసి, బొర్ర నిమురుకుంటూ అట్టడుగు మెట్టు మీద కూర్చుంటాడు. ఈసారి ఆ చోటు ముందు వంగి, మరగదం గుప్పెట తెరిచింది. తాళం చెవి. గుర్తు కోసం దానికి రాగి తీగ ముక్క చుట్టి ఉంది.

మెట్టు మీద పరిచిన తెల్ల పంచె పైన దాన్ని పడుకోబెట్టి, చుట్టూ నాలుగు అక్షింతలు వేసింది.

“ఈ ఏడు మా బొమ్మ ఇదే, తులసీ.”

“అక్కా, ఏమిటిది?”

“ఎప్పుడో ఒకప్పుడు ఇవ్వాల్సిందేగా. ఆఫీసులో గుమాస్తా చేతికి ఇచ్చే కంటే ఇక్కడైతే గౌరవం. దశమి రాత్రి బొమ్మల్ని పడుకోబెట్టేదాకా ఎవరూ కదపరు.”

“మరి ఇల్లు?”

“తలుపు దగ్గరికి వేసి వచ్చాను. ఈ కాలనీలో మనం తాళాలు వేసుకున్నదెప్పుడు?”

తాంబూలం అందుకుంది. సుండల్ ఆకులో పెట్టించుకుంది, ఆయనకని ఇంకొంచెం అడిగి కూడా పెట్టించుకుంది. గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ వెనక్కి తిరగకుండా అంది: “రెండో చరణం మరిచిపోలేదే. నీ పాట వీధిలోకి వినపడింది. నేనే అందుకోలేదు.”

*

నాచిముత్తు వచ్చేసరికి దీపంలో నూనె తగ్గింది. ఆఫీసంతా వెతికానని, కాగితం లేదని చెప్తూనే లోపలికొచ్చి, మెట్ల ముందు ఆగిపోయాడు. రాగి తీగ చుట్టిన తాళం చెవి ఎవరిదో ఆయనకి ఎవరూ చెప్పనక్కరలేకపోయింది.

చెయ్యి చాపాడు.

“తియ్యకురా!” అంది రామాత్తాళ్. “కొలువెక్కినదాన్ని దశమి దాకా కదపకూడదు.”

“నీకు కొలువంటే నమ్మకం లేదుగా అమ్మా?”

“నమ్మకం లేదు. భయం ఉంది.”

ఆయన చెయ్యి వెనక్కి తీసుకుని మెట్ల ముందు కూలబడ్డాడు.

“ఇళ్ళు ఖాళీ చెయ్యమన్న కాగితం మీద మీరే సంతకం పెట్టారట,” అంది తులసిమణి.

“శాఖ లేనివాళ్ళందరికీ వెళ్ళే కాగితం అది. కట్టగా తెచ్చారు. పెట్టేశాను. ఎవరెవరని చూడలేదు.”

“మీరు గీసిన డబ్బా మీకే గుర్తు రాలేదా?”

“రాలేదు.” ఆ మాట ఆయన తనకే చెప్పుకున్నట్టుంది. “కాపాడేశాననుకుని మరిచిపోయాను తులసీ.”

ఆవిడకి ఆయన భుజం మీద చెయ్యి వేయాలనిపించింది. వేయలేదు. మనుషులు ఒకే గదిలో ఉండి కూడా చుక్కల గీతతోనే కలిసి ఉండొచ్చని అప్పుడు అర్థమైంది.

నేల మీద కూర్చున్న నాచిముత్తు చూపు మూడో మెట్టు కాలి కిందికి పోయింది. మడతపెట్టిన దళసరి కాగితం అంచు. ఆ అంచున సగం డబ్బా, దాని పక్క నుంచి చుక్కలు.

“ఇదేమిటి?”

“మెట్టు కుంటుతుంటే పెట్టాను. ఏటా ఆరుచామన్న కుర్రాళ్ళొచ్చి సరిచేసేవాళ్ళు. ఈ ఏడు ఎవరిని అడగాలో తెలియలేదు.”

“తెలిసి పెట్టావా, తెలియకా?”

తులసిమణి పైట సర్దుకుంది. “చిత్తు కాగితమనుకున్నాను. పోనీ, మళ్ళీ గీయండి. ఈసారి వాళ్ళని వాళ్ళ షెడ్డులోనే గీయండి. ఇల్లు కూడా దక్కుతుంది.”

ఆయన తలెత్తి చూసిన చూపులో కోపం లేదు. కోపమైతే ఆవిడ తట్టుకునేది.

“మళ్ళీ గీస్తే మళ్ళీ చెన్నై వెళ్ళాలి. వాళ్ళు మళ్ళీ చదువుతారు. మొదటిసారి వాళ్ళ కంట పడలేదు, అంతే. రెండోసారి ఆ నలుగురి పేర్లూ చూస్తే డబ్బా కూడా మిగలదు తులసీ. ఇల్లే కాదు, జీతం కూడా పోతుంది. నా దగ్గరున్న దారి ఈ ఒక్క కాగితమే.”

పొద్దున్నుంచీ లోపల్లోపల మురిసిపోతున్న ఆవిడ చిలిపితనం అక్కడితో ఆరిపోయింది. ఆ కాగితం లాగితే మూడో మెట్టు ఒరుగుతుంది, పై నుంచి చందనపు జంటా, కింద నుంచి తాళం చెవీ దొర్లుతాయి. లాగకపోతే ఈ కాగితం లేకుండానే శుక్రవారం వస్తుంది, ఆ నలుగురి జీతమూ పోతుంది.

నాచిముత్తు రెండు వేళ్ళతో కాగితం అంచు పట్టుకున్నాడు. రామాత్తాళ్ చేతిలో అడకత్తెర ఆగింది.

బయట గేటు కిర్రుమంది.

తులసిమణి పరుగున గుమ్మంలోకి వెళ్ళింది. వీధి దీపం కింద మిగిలిన ముగ్గురు ఫోర్‌మన్ల భార్యలు, పట్టుచీరలు కట్టుకుని, వరసగా నిలబడి ఉన్నారు. లోపలికి రమ్మని పిలిచేదాకా కదిలేట్టు లేరు.

వాళ్ళ చేతుల్లో బొమ్మలు లేవు. ముగ్గురి గుప్పెళ్ళూ మూసి ఉన్నాయి.